రెండో పెట్టె కూడా కాలిపోయింది

ఈ టేబుల్ మీద ఒక అల్యూమినియం పెట్టె, పక్కన ఒక ఇగ్నిషన్ కాయిల్, అంటే పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది, కనిపిస్తున్నాయి కదా. ఈ పెట్టె ఒక డెలివరీ వ్యాన్ ఇంజిన్ కంప్యూటర్. ఆ బండిలో ఇది సరిగ్గా రెండు రోజులు పనిచేసింది. బిగించింది నేనే, రెండు రోజులకు తిట్లు తిని విప్పిందీ నేనే. ఇవాళ నన్ను మాట్లాడమన్నప్పుడు నా తెలివి గురించి చెప్పడం కంటే ఈ రెండు రోజుల గురించి చెప్తేనే మీకు ఎక్కువ పనికొస్తుందనిపించింది. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి, తర్వాత మూత తీసి బోర్డు చూపిస్తాను, అక్కణ్ణించి కనబడదు.

దీన్ని ఈసీయూ అంటారు, ఈసీఎం అంటారు, షెడ్డులో మాత్రం కంప్యూటర్ అనే అంటాం. ఇది ఏం చేస్తుందో మీకు తెలిసిందే, సెన్సార్లు చెప్పింది వింటుంది, లోపలున్న లెక్కలు చూసుకుంటుంది, ఇంధనం చిమ్మే ఏ ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలి, ఏ కాయిల్ ఎప్పుడు కొట్టాలి అని ఆర్డర్ వేస్తుంది. ఇందులో బెల్టు లేదు, బేరింగు లేదు, అరిగిపోయేది ఏదీ లేదు. అందుకే ఇది తనంతట తాను చచ్చిపోవడం తక్కువ, దాన్ని ఇంకొకటి చంపడం ఎక్కువ. నీళ్లు చంపుతాయి. వేడి చంపుతుంది. బ్యాటరీ తిరగేసి తగిలించిన చెయ్యి చంపుతుంది. వైర్లు తగిలే కప్లర్ ఊడదీయకుండా ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టినా చస్తుంది. నా విషయంలో చంపింది ఈ కాయిల్, దాని దగ్గరకు వస్తాను.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మన పనివాళ్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఫాల్ట్ దొరకలేదు, సెన్సార్లు రెండు మార్చాం, బండి అలాగే ఉంది, ఓనరు నెత్తిమీద నిలబడ్డాడు, అప్పుడు మన నోట్లోంచి వచ్చే మాట ఏంటి? కంప్యూటర్ పోయిందన్నా. ఆ మాట అన్నాక ఓనరు ఇంకేమీ అడగలేడు, ఎందుకంటే అది ఆయనకు కనపడని వస్తువు. నేనూ చాలాసార్లు అన్నాను. అందులో కొన్నిసార్లు నిజంగానే పోయింది, మిగతా అన్నిసార్లూ వైరు, ఎర్త్ అంటే బండి ఇనుము మీదుగా బ్యాటరీ నెగెటివ్‌కు వెళ్లే దారి, రిలే అనే కరెంటు స్విచ్చి, లేకపోతే సెన్సార్లకు వెళ్లే ఐదు వోల్టుల లైను.

అందుకని ముందు కరెంటు సంగతి చూద్దాం. తాళం ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డు మీటరులో ఇంజిన్ చెక్ లైట్ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆన్ చేసినప్పుడు అసలు వెలగకపోతే, ఫాల్ట్ కోడ్‌లు చదివే స్కానర్ కూడా ఇంజిన్‌తో మాట్లాడలేకపోతే, కంప్యూటర్ చచ్చి ఉండొచ్చు, లేదా దానికి కరెంటు అందక పడి ఉండొచ్చు. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి వైరింగ్ డయాగ్రం ముందు పెట్టుకుని, ఎప్పుడూ ఉండే బ్యాటరీ పాజిటివ్ ఏ పిన్నుకు వస్తోంది, తాళం ఆన్ చేస్తే వచ్చేది ఏది, మెయిన్ రిలే నుంచి వచ్చేది ఏది, ఎర్త్ పిన్నులు ఎన్ని, ఒక్కొక్కటీ చూడాలి. డయాగ్రం లేకుండా మొదలుపెట్టకండి, దయచేసి.

ఇక్కడ చాలామంది మల్టీమీటర్ పెట్టి 12 వోల్టులు చూపించింది, బాగుంది అని వెళ్లిపోతారు. వైరు పోగులు తెగి, చిలుము పట్టి, అంటీ అంటనట్టు తగులుతున్నా మీటరు 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. అదే వైరుకు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి చూడండి. ఆ చెడిన చోటు అంత కరెంటు మోయలేదు, బల్బు మినుకుమినుకుమంటుంది లేదా వెలగదు. నా టూల్ బాక్సులో స్కానర్ కంటే ముందు చేతికి తగిలేది రెండు వైర్లు సోల్డర్ చేసిన బల్బు. ఒక్క జాగ్రత్త, ఈ బల్బు పాజిటివ్, ఎర్త్ లైన్లకు మాత్రమే, అదీ కంప్యూటర్ కప్లర్ ఊడదీశాక, వైరు వైపున. సెన్సార్ వైర్ల మీద బల్బు పెడితే బాగున్న కంప్యూటర్‌ను మీరే చంపినవాళ్లవుతారు.

ఎర్త్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పని చేసే వ్యాన్లలో సగం జబ్బులు ఇక్కడే. ఇంట్లో కారులా కాదు కదా ఇది. వెనక ఇన్వర్టర్ పెడతారు, లైట్లు పెడతారు, ఫ్రీజర్ యూనిట్ పెడతారు, వెనక్కి వచ్చేటప్పుడు అరిచే హారన్ పెడతారు, ట్రాకర్ పెడతారు, పెట్టిన ప్రతివాడూ దగ్గర్లో ఏ బోల్టు దొరికితే దానికి ఎర్త్ ఇచ్చి వెళ్తాడు. ఒకసారి నా దగ్గరకొచ్చిన బండిలో లైట్లు వేస్తే ఇంజిన్ ఊగుతుంది, ఇన్వర్టర్ ఆన్ చేస్తే ఆగిపోతుంది. అప్పటికే కంప్యూటర్ మార్చాలని వేరేచోట చెప్పారట. మీటరును వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, అంటే క్లాంపు మీద కాదు, లోపలి సీసపు ముక్క మీద ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను వెనక నుంచి కంప్యూటర్ ఎర్త్ పిన్నుకు తగిలించాను. ఇంజిన్ నడుస్తుంటే అక్కడ 0.1 వోల్టు దాటకూడదు. లైట్లు వేశాం, 0.6. ఇన్వర్టర్ ఆన్ చేశాం, ఒకటిన్నరకు దగ్గరగా ఎక్కి ఇంజిన్ ఆగిపోయింది. ఎర్త్ బోల్టు విప్పితే, బాడీకి కొత్తగా రంగు వేసినప్పుడు ఆ రంగు మీదే బిగించేశారు, పైగా ఇన్వర్టర్ లావు వైరు కూడా అదే బోల్టుకు. గీకి, శుభ్రం చేసి, ఇన్వర్టర్‌కు వేరే దారి ఇస్తే అయిపోయింది. అర గంట పని.

ఇక ఐదు వోల్టులు. చాలా సెన్సార్లకు కంప్యూటరే ఐదు వోల్టుల కరెంటు పంపిస్తుంది, ఒకే లైను మీద రెండు మూడు సెన్సార్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయితే ఆ లైను మొత్తం పడిపోతుంది, మిగతా సెన్సార్లన్నీ తప్పుడు లెక్క చెప్తాయి, కొన్ని బండ్లలో స్కానర్‌కు కూడా జవాబు రాదు. అప్పుడు ఎక్కడెక్కడి కోడ్‌లన్నీ ఒకేసారి ఊడిపడతాయి. పీ0641, పీ0651 లాంటివి వచ్చాయంటే ఈ లైను గురించే. తాళం ఆన్‌లో పెట్టి, ఆ లైను మీద మీటరు ఉంచి, సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏది పీకగానే మళ్లీ ఐదుకు లేస్తుందో దొంగ అదే. అన్నీ పీకినా లేవకపోతే వైరు ఎక్కడో రాసుకుని ఎర్త్‌కు తగులుతోందేమో చూసుకోవాలి, అదీ కాదని తేలాక కంప్యూటర్ వైపు చూడండి.

స్కానర్ కలవడం లేదంటే ఇంకో చిన్న పరీక్ష. బ్యాటరీ తీసేసి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల క్యాన్ లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, అవి పారలల్‌లో ఉంటాయి కాబట్టి చాలా బండ్లలో కలిపి 60 రావాలి. 120 వచ్చిందంటే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ అతుక్కున్నాయి. 60 వచ్చి, పవర్ బాగుండి, ఎర్త్ బాగుండి, ఐదు వోల్టుల లైను కూడా శుభ్రంగా ఉండి, అప్పుడు కూడా పెట్టె నోరు విప్పకపోతే, సరే, ఇప్పుడు కంప్యూటర్‌ను అనుమానించే హక్కు మనకు వచ్చింది.

నిజంగా పోయినప్పుడు కూడా అది కొన్ని గుర్తులు ఇస్తుంది. పీ0601, పీ0605, పీ0606 లాంటి కోడ్‌లు లోపలి మెమరీ గురించో ప్రాసెసర్ గురించో కంప్యూటర్ తన మీద తానే చేసుకునే ఫిర్యాదులు. అయితే బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు కూడా ఇవి అప్పుడప్పుడూ వస్తాయి, చెరిపేసి మళ్లీ వస్తాయేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడెక్కితే ఆగే బండిలో బోర్డు మీద సోల్డర్ పగిలి ఉండొచ్చు. కప్లర్ విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే నీళ్లు చేరాయి. ఒక్కోసారి నీళ్లు కాదు, నూనె ఉంటుంది. ఇంజిన్ మీద ఉన్న ఆయిల్ ప్రెజర్ స్విచ్చో క్యామ్ సెన్సారో లీకైతే ఆ నూనె దీపంలో వత్తి పీల్చినట్టు వైరు పోగుల మధ్య నుంచి పాకుతూ వచ్చి మీటరు దూరంలో ఉన్న కంప్యూటర్ కప్లర్‌లో తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు, వైరు కోసి నొక్కితే చుక్క బయటికొచ్చింది.

ఇప్పుడు నా కథ. పెట్రోలు వ్యాన్, రెండో సిలిండర్ మిస్, అంటే అందులో ఇంధనం సరిగ్గా అంటుకోవడం లేదు. ఆ ఇంజిన్‌లో కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే ట్రాన్సిస్టర్, దాన్నే డ్రైవర్ అంటాం, కంప్యూటర్ లోపలే ఉంటుంది. పద్ధతి ప్రకారమే వెళ్లాను, రెండో కాయిల్ తీసి మూడో సిలిండర్‌కు, మూడోది రెండుకు మార్చాను. మిస్ రెండులోనే ఉండిపోయింది. మారిన కాయిల్ మూడులో చక్కగా కొడుతోంది. అంటే కాయిల్ బాగుంది, వైరు చూశాను బాగుంది, కంప్యూటర్ లోపల రెండో డ్రైవర్ పోయింది. ఇంతవరకూ నా లెక్క తప్పు కాదు. కాయిల్స్ ఎక్కడివి అక్కడ పెట్టేసి, అదే నంబరున్న పాత కంప్యూటర్ సంపాదించి, డేటా కాపీ చేయించి బిగించాను. బండి బ్రహ్మాండంగా నడిచింది. ఓనరు లోడు వేసుకుని ట్రిప్పులు మొదలుపెట్టాడు, రెండో రోజు సాయంత్రం ఫోను, "మేస్త్రీ, మళ్లీ అదే."

నేను అడగని ప్రశ్న ఒక్కటే, డ్రైవర్ ఎందుకు పోయింది? ఈ కాయిల్ చల్లగా ఉన్నప్పుడు మంచిదే. నేను పరీక్షించిన రెండు నిమిషాలూ చల్లగానే ఉంది. తర్వాత దీన్ని టెస్టర్ మీద నడిపిస్తూ, కరెంటు క్లాంపు వేసి, కరెంటును గీతగా చూపించే స్కోపులో చూస్తూ, హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేశాను. చల్లగా ఉన్నంతసేపూ కరెంటు గీత మెట్ట ఎక్కినట్టు ఏటవాలుగా ఎక్కింది. బాగా వేడెక్కాక గోడ ఎక్కినట్టు నిలువుగా లేచింది. అంటే లోపలి చుట్లు వేడికి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, ఆ కరెంటంతా వెళ్లి డ్రైవర్ మీద పడుతోంది. ఓమ్ మీటరుతో ఎందుకు పట్టలేదంటారా, కాయిల్ ప్రైమరీ, అంటే డ్రైవర్ నడిపే చుట్లు, చాలావాటిలో ఒక ఓమ్ లోపే ఉంటుంది, మన మీటరు వైర్లే 0.2, 0.3 తింటాయి, ఆ తేడాలో ఈ దొంగ దొరకడు. మూత తీస్తున్నాను, చూడండి, ఈ నల్లటి మచ్చ ఉన్న చోటు అదే, పక్కన మూడు డ్రైవర్లూ మెరుస్తున్నాయి, ఇదొక్కటే ఉబ్బి పగిలింది. అప్పటి నుంచి ఏ డ్రైవర్ పోయినా దానికి అవతలి వైపున్న కాయిల్, ఇంజెక్టర్, సోలెనాయిడ్ ఏదైతే అది మార్చకుండా, లేదా వేడి మీద పరీక్షించకుండా కొత్త పెట్టె బిగించను. ఓనరుకు ముందే చెప్తాను, ఒప్పుకోకపోతే పని ఒప్పుకోను.

సరే, మార్చాలని తేలింది. ఏ పెట్టె పెట్టాలి? కొత్తది తెస్తే అది ఖాళీగా వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, బండి 17 అక్షరాల ఛాసిస్ నంబరు రాయాలి, దొంగతాళంతో ఇంజిన్ అంటుకోకుండా చూసే ఇమ్మొబిలైజర్‌తో తాళాలు కలపాలి. పాతది తెస్తే అందులో ఇంకో బండి తాళాల రహస్యం ఉంటుంది, అలాగే పెడితే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అంటుకోదు, లేదా ఒక్క క్షణం అంటుకుని ఆగిపోతుంది. అందుకే మీ పాత పెట్టెలోని డేటా చదవగలిగితే దాన్ని అదే రకం పెట్టెలోకి కాపీ చేయడం నాకు నచ్చిన దారి, తాళాలతో పేచీ ఉండదు. చదవడానికి వీల్లేనంతగా కాలిపోతే కొన్ని పాతకాలపు బండ్లలో కంప్యూటర్, ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళం మూడూ ఒకే బండి నుంచి సెట్టుగా తెచ్చి పెట్టొచ్చు, కొత్త బండ్లలో అది అంత సులువు కాదు. ఇక మీ పెట్టెనే బాగుచేయించడం అనేది నాలుగో దారి, ఒక్క డ్రైవరో ఒక్క సోల్డరో పోయినప్పుడు అన్నిటికంటే మంచిది అదే, కాకపోతే బండి కొన్ని రోజులు ఆగాలి, పని బండి ఆగితే ఓనరు ఆగడు, అదీ గొడవ.

నంబర్ల విషయంలో రాజీ పడకండి. పైన అంటించిన లేబుల్ మీద హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు విడివిడిగా ఉంటాయి. చూడ్డానికి ఒకేలా, కప్లర్ కూడా టక్కున పడుతుంది, కానీ ఒకటి ఏసీ ఉన్న బండిది, ఇంకొకటి లేనిది, ఒకటి ఒక ఎమిషన్ ప్రమాణానికి, ఇంకొకటి మరోదానికి. కప్లర్ పట్టింది కదా అని పెట్టెయ్యకూడదు.

డీజిల్ వ్యాన్ అయితే ఇంకో రెండు సంగతులు. ఇంజెక్టర్ల తలమీద చిన్న అక్షరాలు, అంకెలతో కోడ్ ఉంటుంది, ఏ సిలిండర్‌లో ఏ కోడ్ అన్నది కంప్యూటర్‌కు తెలియాలి. పాత పెట్టె ఇంకా మాట్లాడుతుంటే స్కానర్‌తో వాటిని ముందే చదివి ఫోటో తీసుకోండి, లేకపోతే తర్వాత మసి తుడిచి, టార్చి వేసి, అద్దం పెట్టి చదువుకోవాలి. అవి ఎక్కించకపోతే బండి నడుస్తుంది గానీ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, వణుకుతుంది, పొగ వస్తుంది. రెండోది సైలెన్సర్ దారిలో ఉన్న డీపీఎఫ్, అంటే పొగలోని మసి పట్టే ఫిల్టర్. కొత్త పెట్టెకు మసి లెక్క సున్నా అని ఉంటుంది, నిజానికి ఫిల్టర్ సగం నిండి ఉంటుంది. లెక్క సరిచేయకపోతే అది శుభ్రం చేసుకోవాల్సిన సమయానికి చేసుకోదు. అలాగే పని బండ్లలో స్పీడ్ లిమిట్, ఫ్రీజర్ యూనిట్ కోసం ఐడిల్ పెంచే సెట్టింగ్, ఇలాంటివి కంప్యూటర్ లోపలే పెట్టి ఉంటారు. అవన్నీ ముందు రాసి పెట్టుకోండి, తర్వాత ఓనరుకు గుర్తుండవు, బండి పాతలా లేదు అని మాత్రం గుర్తుంటుంది.

విప్పడం బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తాళం తీసి, కాసేపు ఆగి, బ్యాటరీ నెగెటివ్ ముందు తీయండి. పెట్టె ముట్టుకునే ముందు బండి ఇనుము ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ దిగిపోతుంది. కప్లర్‌కు లీవర్ లాక్ ఉంటుంది, దాన్ని పూర్తిగా తిప్పితే అదే బయటికి వస్తుంది, వైర్లు పట్టుకుని లాగితే వందకు పైగా ఉన్న పిన్నుల్లో ఏది వంగిందో వెతుక్కుంటూ కూర్చోవాలి. నీళ్లు పోకుండా అని పెట్టె చుట్టూ సిలికాన్ పూస్తారు కొందరు, చాలా పెట్టెలకు గాలి పీల్చుకునే చిన్న పొర ఒకటి ఉంటుంది, దాన్ని మూసేశారంటే వేడెక్కి చల్లారినప్పుడల్లా చెమ్మను కప్లర్ సందుల్లోంచి లోపలికి మీరే లాగించినట్టు.

ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ టెన్షనే. మధ్యలో వోల్టేజీ పడిపోతే పెట్టె అక్కడికక్కడే ఇటుక అయిపోతుంది. బ్యాటరీకి 13 వోల్టుల పైన నిలకడగా ఇచ్చే పవర్ సప్లై తగిలించండి, మామూలు చార్జరు వద్దు. హెడ్‌లైట్లు, ఫ్యాను, వెనక ఇన్వర్టర్ అన్నీ ఆఫ్. తలుపు తీసి మూసే పిల్లవాణ్ణి కూడా అవతలికి పంపించండి, నవ్వకండి, తలుపు తీస్తే ఎన్ని యూనిట్లు నిద్ర లేస్తాయో మీకు తెలుసు.

స్టార్ట్ చేశాక ఐడిల్ కాస్త పైకీ కిందికీ అయితే కంగారు పడకండి, ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్, ఇంధనం లెక్కలు కొత్తగా నేర్చుకుంటోంది. స్కానర్‌లో థ్రాటిల్ అడాప్టేషన్ ఉంటే చేయండి. బాగా వేడెక్కనిచ్చి, లోడుతో తిప్పి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి స్టార్ట్ చేసి చూసి అప్పుడు ఇవ్వండి. నేను చేయనిది సరిగ్గా ఇదే.

(సభలోంచి ప్రశ్న: "మరి ఆ బండి పాత కంప్యూటర్ ఏం చేశారు, పారేశారా?")

పారేయలేదన్నా. పారేస్తే తాళాల డేటా, సెట్టింగులు అన్నీ దానితోనే పోయేవి. ఈ రెండోది పోయాక, ఆ మొదటి పెట్టెనే తీసి రెండో డ్రైవర్ మార్పించాను, కొత్త కాయిల్ వేశాను, ఈసారి లోడు వేయించి మూడు గంటలు నేనే పక్కన కూర్చుని తిప్పించాను. ఇప్పుడు ఆ బండిలో తిరుగుతోంది ఆ మొదటి పెట్టే. ఇది మాత్రం నా డబ్బుతో కొన్నది, అందుకే నా టేబుల్ మీద ఉంది.